ఒక కాపీ డెల్టాలో, ఇంకోటి మెట్టలో: పరిశోధన డేటాకి ఏ స్టోరేజ్, ఏ నెట్‌వర్క్?

రావులపాలెంలో బస్సు దిగేటప్పుడు ఆ అమ్మాయి బ్యాగు ఫుట్‌బోర్డుకి తగిలింది. అంతే. బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కన 4 టీబీ హార్డ్ డిస్కు ఒకటుంది. రొయ్యల చెరువుల మీద ఎనిమిది నెలలపాటు డ్రోనుతో తీసిన ఫొటోలన్నీ అందులోనే. ల్యాబుకొచ్చి ప్లగ్గు పెడితే టిక్కు టిక్కుమని చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"లైటు వెలుగుతోందండి. మరి ఓపెన్ అవ్వట్లేదేంటండి?" అని నా దగ్గరికి పట్టుకొచ్చింది. అప్పట్లో ఆ కాలేజీలో సిస్టమ్స్ నేనే చూసేవాణ్ణి.

"మనకి సెంట్రల్ స్టోరేజ్ ఉంది కదమ్మా, అందులో పెట్టలేదా?"

"పెడదామనే అనుకున్నానండి. మా సెంటర్ నుంచి ఎక్కించడానికి నాలుగు రోజులు పట్టుద్దన్నారు. బస్సులో అయితే రెండు గంటలే కదండీ."

ఆమె లెక్క తప్పు కాదు. 100 ఎంబీపీఎస్ లైను (సెకనుకి 100 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు) మీద 4 టీబీ ఎక్కించాలంటే, లైను మొత్తం ఆమెకే వదిలేసినా, మూడు రోజుల 17 గంటలు పడుతుంది. మేం స్టోరేజ్ కొని పేపర్లో ఫొటో కూడా వేయించుకున్నాం. గాదె కట్టాం గానీ చేలోంచి పుంత వెయ్యలేదు.

అప్పటినుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. స్టోరేజ్ కొటేషన్లు ఒక ఫైల్లో, నెట్‌వర్క్ కొటేషన్లు ఇంకో ఫైల్లో పెట్టకండి. రెండూ ఒకే కమిటీ, ఒకే రోజు చూడాలి. రాజానగరం, కాకినాడ, తాడేపల్లిగూడెం, వెంకట్రామన్నగూడెం, మార్టేరు, అంబాజీపేట ఇలా యూనివర్సిటీలూ పరిశోధన కేంద్రాలూ విడివిడిగా ఉన్న మన గోదావరి జిల్లాల్లో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. ఇక్కడ డేటా పుట్టేది చేలో, చెరువులో, ఆసుపత్రిలో. లెక్క కట్టేది ఇంకో ఊళ్ళో.

ముందు కొలవండి

"మీకెంత కావాలి?" అని అడిగితే ప్రతి డిపార్టుమెంటూ గుండ్రంగా ఒక అంకె చెబుతుంది. 100 టీబీ, 500 టీబీ. ఆ అంకెను నమ్మకండి. డేటాను మూడు కుప్పలు చెయ్యమనండి.

మొదటిది, మళ్ళీ తెచ్చుకోగలిగేది. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఇందులోకి వస్తాయి. ఉపగ్రహాలు జంటగా తిరిగితే అయిదు రోజులకోసారి మన చేల మీదుగా వెళ్తాయి. 100 కిలోమీటర్ల పలక ఒక్కొక్కటి జీబీకి అటూ ఇటూ ఉంటుంది. ఏడాదికి 73 సార్లంటే ఒక పలకకి 70 జీబీ చిల్లర. వానాకాలంలో సగం మబ్బులే కనిపిస్తాయి కాబట్టి వరి మునక చూడాలంటే రాడారుతో తీసే సెంటినెల్-1 కూడా దించాలి. ఇవన్నీ ఉచితంగా మళ్ళీ దొరికేవే. వీటికి బ్యాకప్ తియ్యడమంటే గోదావరి నీళ్ళు సీసాలో పట్టి బీరువాలో తాళం వేసుకోవడమే. 2014లో అందరికీ విడుదలైన 3,000 వరి రకాల జన్యుక్రమాలూ అంతే. ఆ డేటా 13.4 టీబీ. దించుకుని వాడుకోండి, కానీ రెండో కాపీకి డబ్బు తగలెయ్యొద్దు.

రెండోది, మళ్ళీ లెక్క కట్టుకోగలిగేది. ముడి ఫొటోల నుంచి చేసిన మ్యాపులు, ముడి జన్యు డేటా నుంచి తీసిన ఫలితాలు. కంప్యూటర్‌కి నాలుగు రోజులు పని, అంతే. దీనికి ఒక కాపీ, పైన స్నాప్‌షాట్లు (ఫలానా సమయానికి డేటా ఎలా ఉందో గుర్తుపెట్టే నకళ్ళు) ఉంటే సరి.

మూడోది, పోతే మళ్ళీ రానిది. ఫలానా తేదీన ఫలానా చెరువు మీద తీసిన డ్రోను ఫొటో, నీటిలో ఆక్సిజన్ రీడింగులు, రోగి స్కాన్లు, పొలంలో రైతుతో మాట్లాడిన రికార్డింగులు. 2022 జూలై వరదలో తీసిన ఫొటోని మళ్ళీ తీయడం ఎవరి తరం? ఈ కుప్పకి మాత్రం మూడు కాపీలు కావాలి. అడిగిన మొత్తానికీ ఈ కుప్పకీ మధ్య తేడా చాలా పెద్దదిగా ఉంటుంది. నేను చూసిన ప్రతిచోటా అలాగే ఉంది. అసలు బడ్జెట్టు కుదిరేది ఈ తేడాలోనే.

ఫైళ్ళు ఎన్నున్నాయో కూడా రాయించండి. దీన్ని అందరూ మర్చిపోతారు. 1 టీబీ అంటే పది పెద్ద ఫైళ్ళా, పది లక్షల చిన్న ఫైళ్ళా? ఒక్కో ఫైలుకీ సర్వరు తలుపు తట్టి జవాబు తెచ్చుకోవడానికి 10 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, పది లక్షల ఫైళ్ళకి ఆ తలుపు తట్టడానికే మూడు గంటలు. లైను ఎంత వేగమున్నా ఇది తగ్గదు. చిన్న ఫైళ్ళని మూటకట్టి ఒకే ఫైలుగా పంపడం పిల్లలకి నేర్పిస్తే చాలా ఫిర్యాదులు అక్కడే ఆగిపోతాయి.

డబ్బాల మధ్య పోలిక

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు అందరికీ తెలిసినవే. చవక. పొలం నుంచి ల్యాబుకి తేవడానికి పనికొస్తాయి, అదీ స్పిన్నింగ్ డిస్కు కాకుండా తిరిగే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీ అయితే. దాచుకోవడానికి పనికిరావు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

తర్వాత దుకాణంలో రెడీగా దొరికే చిన్న నాస్ డబ్బా, అంటే నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ వాడుకునే డిస్కుల పెట్టె. నాలుగో ఎనిమిదో డిస్కులు పడతాయి, బ్రౌజర్లోనే సెట్ చేసుకోవచ్చు. ఒక ల్యాబు, పదిమంది, 30 టీబీ లోపు డేటా ఉంటే నేను దీనికే ఓటేస్తాను. నెట్‌వర్క్ తెలిసిన మాస్టారు ఒక్కరున్నా నడుస్తుంది. చిక్కు రెండు చోట్ల వస్తుంది. చాలా డబ్బాలకి 1 గిగాబిట్ పోర్టే ఉంటుంది. అంటే సెకనుకి 110 ఎంబీ దాటదు, దాన్నే పదిమందీ పంచుకోవాలి. 10 గిగాబిట్ పోర్టున్న మోడలే అడగండి. రెండోది డిస్కులు. కొంతమంది డీలర్లు ఎస్‌ఎంఆర్ రకం (రాసే గీతలు ఒకదాని మీదొకటి కప్పేసే) డిస్కులు పెట్టి ఇస్తారు. మామూలు రోజుల్లో బాగానే ఉంటాయి. ఒక డిస్కు పోయి కొత్తది పెట్టి నింపేటప్పుడు మాత్రం గంటల్లో అయ్యే పని రోజులు పడుతుంది. అలా కప్పని రకాన్ని సీఎంఆర్ అంటారు. "సీఎంఆర్ డిస్కులు మాత్రమే" అని టెండర్ కాగితంలోనే రాయండి.

ఆ పైమెట్టు, పన్నెండో ఇరవై నాలుగో డిస్కులు పట్టే సర్వరు కొని దాని మీద జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ నడపడం. దీనికి ట్రూనాస్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి, లైసెన్సు గొడవ లేదు. మన వైపు మధ్యరకం యూనివర్సిటీకి నా సలహా ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో తేల్చే చిన్న అంకె) దాస్తుంది. డిస్కు మీద ఒక బిట్ చెడిపోయినా చదివేటప్పుడు పట్టుకుని, మిగతా డిస్కుల నుంచి బాగుచేస్తుంది. నెలకోసారి స్క్రబ్ పెడితే ఎవరూ తెరవని ఫైళ్ళని కూడా తనే తిరగేస్తుంది. గంటకోసారి స్నాప్‌షాట్ తీసినా పెద్దగా జాగా తినదు. ఎవరో వైరస్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి ఫోల్డరంతా ఎన్‌క్రిప్ట్ చేయించుకుంటే, గంట వెనక్కి వెళ్ళిపోవచ్చు. మెమరీ మాత్రం తన తప్పుల్ని తనే దిద్దుకునే ఈసీసీ రకమే తీసుకోండి.

సైజు దగ్గర చాలామంది మోసపోతారు. 16 టీబీ డిస్కులు 12 కొంటే బిల్లులో 192 టీబీ అని ఉంటుంది. ఏ రెండు డిస్కులు పోయినా డేటా నిలిచేలా పెట్టుకుంటే మిగిలేది పది డిస్కులది, అంటే 160. కంప్యూటర్ లెక్కలో అది 145గా కనిపిస్తుంది. 80 శాతానికి మించి నింపితే వేగం పడిపోతుంది కాబట్టి నిజంగా వాడుకునేది 116. కమిటీ ముందు 192 అని చెప్పి తర్వాత 116 చూపిస్తే మిగతాది ఎవరు తిన్నారని అడుగుతారు. ముందే రాసిపెట్టండి.

ఒక్క డిస్కు పోతే తట్టుకునే పాత పద్ధతి, అదే రెయిడ్-5, ఈ సైజు డిస్కులకి వద్దు. 16 టీబీ డిస్కుని సెకనుకి 200 ఎంబీ చొప్పున ఆపకుండా నింపినా 22 గంటలు. జనం వాడుతూంటే అది రెండు మూడు రోజులవుతుంది. అన్నీ ఒకే రోజు ఒకే పెట్టెలోంచి తీసిన డిస్కులు కదా, ఆ మూడు రోజుల్లో ఇంకోటి పోదన్న భరోసా ఏముంది?

ఇంకా పైన సెఫ్, లస్టర్ లాంటివి ఉన్నాయి. సెఫ్ అనేక సర్వర్లను కలిపి ఒకే పెద్ద స్టోరేజ్‌గా చూపిస్తుంది. ఒక సర్వరు మొత్తం పోయినా పని ఆగదు. లస్టర్ పెద్ద కంప్యూటింగ్ క్లస్టర్లకి, వందల ప్రాసెసర్లు ఒకేసారి చదివి రాసే చోటికి. రెండూ మంచివే. కానీ సెఫ్‌కి మామూలుగా మూడు కాపీలు పెడతారు కాబట్టి 300 టీబీ కొంటే 100 చేతికొస్తుంది. కనీసం మూడు సర్వర్లు, వాటి మధ్య 10 గిగాబిట్‌కి తగ్గని నెట్‌వర్క్ కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, దాన్ని అర్థం చేసుకునే మనుషులు ఇద్దరుండాలి. ఒక్కరు చాలరు. ఆ ఒక్కరికీ హైదరాబాదులో ఉద్యోగం వచ్చిన రోజున మీ సెఫ్ దేవుడి మీద భారం. అవుట్‌సోర్సింగ్ జీతానికి అలాంటి మనిషి ఎన్నాళ్ళుంటాడో అందరికీ తెలిసిందే. సేల్స్ వాళ్ళు "భవిష్యత్తులో పెంచుకోవచ్చండి" అంటారు. నిజమే. జెడ్‌ఎఫ్‌ఎస్‌కి కూడా ఇంకో డిస్కుల పెట్టె తగిలించి పెంచుకోవచ్చు.

టేపు పేరెత్తితే నవ్వుతారు గానీ, నవ్వాల్సిన పని లేదు. ఎల్‌టీఓ-9 టేపు ఒక్కటి 18 టీబీ పడుతుంది. డ్రైవు ధర ఎక్కువ, టేపు ధర తక్కువ. పైగా కరెంటు తినదు, వైరస్‌కి అందదు. వంద టీబీ దాటిన "మళ్ళీ రాని" డేటా ఉంటే దీన్ని ఆలోచించండి. తక్కువుంటే డ్రైవు ఖర్చు గిట్టదు. మన గాలి తేమకి టేపుని మామూలు బీరువాలో పెట్టకూడదు, ఏసీ గదిలోనే ఉంచాలి.

క్లౌడ్ మాటేంటి?

హైదరాబాదులోనే అమెజాన్ డేటా సెంటర్లున్నాయి కాబట్టి దూరం సమస్య కాదు. కొనడం, మరమ్మతు, ఏసీ, ఎలుకలు, ఏ బాధా లేదు. మరి అందరూ అక్కడే పెట్టుకోవచ్చుగా?

నా అభ్యంతరం గ్రాంటు స్వభావం మీద. ప్రాజెక్టు డబ్బు పరికరాల పద్దు కింద ఒకేసారి వస్తుంది. మార్చి 31 లోపు ఖర్చు పెట్టి యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాలి. క్లౌడ్ బిల్లు నెలనెలా వస్తుంది. ప్రాజెక్టు అయిపోయాక కూడా వస్తూనే ఉంటుంది. మూడేళ్ళ ప్రాజెక్టు ముగిసిన నాలుగో ఏడు ఆ బిల్లు ఎవరు కడతారు? కట్టకపోతే డేటా చెరిగిపోతుంది. రెండో సంగతి, డేటా ఎక్కించడానికి డబ్బు తీసుకోరు, బయటికి తీసేటప్పుడు జీబీ లెక్కన తీసుకుంటారు. రోజూ చదివే డేటాని క్లౌడులో పెట్టి ఇక్కడ లెక్క కట్టే వాళ్ళకి ఆ బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి. లెక్క కట్టడం కూడా అక్కడే అయితే ఆ బాధ తగ్గుతుంది. విద్యాసంస్థలకి కొన్ని రాయితీలు ఉంటాయి, అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంకోటి ఉంది. 2022 మే నెలలో కోనసీమలో గొడవలప్పుడు మొబైల్ ఇంటర్నెట్ కొన్ని రోజులపాటు ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు సిగ్నల్ కోసం లాప్‌టాపులు పట్టుకుని గోదావరి గట్టుకి వెళ్ళి కూర్చున్నారు. డేటా అంతా క్లౌడులోనే ఉన్న ల్యాబుకి ఆ రోజుల్లో పనేముంటుంది? అందుకే మూడో కాపీగా, అదీ అరుదుగా తెరిచే చవక రకం స్టోరేజ్‌లో, క్లౌడ్ నాకు ఇష్టమే. మొదటి కాపీగా వద్దు. రోగుల వివరాలుంటే 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చూసుకోవాలి. పేర్లు, నంబర్లు తీసేసి, ఎన్‌క్రిప్ట్ చేసి గానీ బయటికి పంపకండి.

గది, నేల, పందికొక్కు

బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కన్సల్టెంట్లు రాసిన ప్లాన్లలో ఈ భాగం ఉండదు. ధవళేశ్వరం దగ్గర 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వదిలిన గోదావరి ఇది. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల దగ్గర ఇస్తారు. లంకల్లోనే కాదు, మురుగు కాలువ ఎదురుతంతే ఊళ్ళో గ్రౌండ్ ఫ్లోరులోకి కూడా నీళ్ళొస్తాయి. సర్వర్ గది మొదటి అంతస్తులో ఉండాలి. పై అంతస్తులో స్లాబు కారుతుంది, కింద నీళ్ళొస్తాయి. యూపీఎస్ బ్యాటరీలు బరువని కింద పెడదామంటారు, ఒప్పుకోకండి. జనరేటర్‌కి గట్టి దిమ్మ కట్టించండి.

నేను ఒకచోట హెచ్చరికలకి పనులు ముడిపెట్టి గోడకి అంటించాను. మొదటి హెచ్చరిక రాగానే రెండో ఊరికి వెళ్ళే కాపీ పూర్తయిందో లేదో చూడాలి. రెండోది రాగానే టేపులు, విడి డిస్కులు పైకి చేరాలి, డీజిల్ నింపాలి. మూడోదానికి కొత్త పనులు ఆపేసి, ఎవరు గది దగ్గర ఉంటారో పేరు రాయాలి. మన వాళ్ళకి "డిజాస్టర్ రికవరీ ప్లాన్" అంటే నిద్రొస్తుంది. "రెండో నంబరు ఎగరేశారటండి" అంటే అందరూ లేచి నిలబడతారు.

కాకినాడ, యానాం వైపు సముద్రం గాలికి రాగి కనెక్టర్ల మీద పచ్చటి చిలుము పడుతుంది. నేను విప్పిన ఒక పోర్టులో పిన్నులు ఎనిమిదింటిలో మూడు పచ్చగా ఉన్నాయి. ఆ లైను అప్పుడప్పుడూ మాత్రమే తెగుతోంది కాబట్టి ఏడాదిపాటు అందరూ సాఫ్ట్‌వేర్‌నే తిట్టుకున్నారు. గది తలుపు మూసి ఉంచడం, ఏసీ రాత్రిపూట ఆపకుండా ఉండడం దీనికి మందు. రాత్రి ఆపి పొద్దున్నే వేస్తే లోపలికొచ్చిన తేమ చల్లటి లోహం మీద నీరై కూర్చుంటుంది. ఒక పెద్ద ఏసీ కంటే రెండు చిన్నవి వంతులవారీగా నడపండి.

పందికొక్కుల గురించి నవ్వుకోవచ్చు. క్యాంపస్‌లో తీసిన గోతిలో ఫైబర్‌ని పైపు లేకుండా పాతిపెడితే, వరి కోతలయ్యాక చేలోంచి వచ్చిన పందికొక్కులు దాన్ని వదలవు. ఉక్కు తొడుగున్న కేబుల్, దాని మీద హెచ్‌డీపీఈ పైపు, రెండూ వెయ్యాలి. మన నల్లమట్టి ఎండాకాలం నోళ్ళు తెరుస్తుంది, వానకి ఉబ్బుతుంది. కేబుల్‌కి ప్రతి మలుపులో రెండు మూడు చుట్టలు వదులు ఉంచాలి. జాయింటు పెట్టెలు నీళ్ళలో మునుగుతాయనుకునే బిగించాలి.

అసలు మాట ఇది. ఒక కాపీ డెల్టాలో ఉంటే ఇంకోటి మెట్టలో ఉండాలి. 2018 డిసెంబరులో పెథాయ్ తుపాను యానాం, కాకినాడల పక్కనే తీరం దాటింది. కాకినాడలోనే రెండు భవనాల్లో రెండు కాపీలు పెట్టుకుంటే తుపాను లెక్కలో అవి ఒకటే. కాకినాడ వాళ్ళు రాజానగరం వైపో, భీమవరం వాళ్ళు తాడేపల్లిగూడెం వైపో ఇంకో సంస్థతో ఒప్పందం చేసుకోవచ్చు. మీ డబ్బా మా గదిలో, మా డబ్బా మీ గదిలో. అద్దె లేదు, కరెంటు చెల్లుకి చెల్లు. సంతకాలకి ఆరునెలలు పడుతుంది, డబ్బాలకి రెండు వారాలే.

లైను: ఎంత కాదు, ఎలా

క్యాంపస్ లోపల సంగతి తేలిక. భవనాల మధ్య రాగి కేబుల్ ఎప్పుడూ వెయ్యకండి. పిడుగు ఒక భవనం మీద పడితే రెండో భవనంలో స్విచ్చులు కూడా పోతాయి. ఫైబర్ వెయ్యండి, అదీ సింగిల్ మోడ్. మల్టీమోడ్ ఓఎం3 మీద 10 గిగాబిట్ 300 మీటర్లే వెళ్తుంది. సింగిల్ మోడ్ మీద మామూలు మాడ్యూల్ 10 కిలోమీటర్లు వెళ్తుంది. రేపు 100 గిగాబిట్ పెట్టినా అదే గాజు పనికొస్తుంది. ఖర్చంతా గోతికీ పైపుకీ. కాబట్టి ఆరు పోగుల చోట ఇరవై నాలుగు వేసేయండి. గది లోపల 10 గిగాబిట్‌కి క్యాట్-6ఏ కేబుల్ తీసుకోండి. వైఫై మీద టీబీలు పంపకండి, అంతే.

బయటి లైను దగ్గరే అసలు తికమక. విద్యా, పరిశోధన సంస్థల్ని కలిపే నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కి (ఎన్‌కేఎన్) కేంద్రం 2010 మార్చిలో ఆమోదం ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ నడుపుతుంది. దేశంలోని ఐఐటీలు, ఎన్‌ఐటీలు, పరిశోధన సంస్థలు దాని మీద ఉన్నాయి. మీ డేటా వెళ్ళేది అలాంటి చోటికే అయితే ప్రైవేటు లైను కంటే ముందు దీన్నే అడగండి. హాస్టల్ పిల్లల వీడియోలకీ అఫిలియేటెడ్ కాలేజీల వెబ్‌సైట్లకీ ప్రైవేటు లైను, పరిశోధన డేటాకి ఎన్‌కేఎన్, ఇలా విడగొట్టడం నాకు నచ్చిన ఏర్పాటు. రెండూ కలిపితే రాత్రి తొమ్మిదికి క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున జన్యుక్రమాలు కదలవు.

రెండు లైన్లున్నాయని ధీమా పడేముందు అవి ఏ వంతెన మీదుగా వస్తున్నాయో అడగండి. అమలాపురం వైపు వచ్చే లైన్లకి జొన్నాడ–రావులపాలెం వంతెన ఒక దారి. యానాం–ఎదుర్లంక ఇంకో దారి. దిండి–చించినాడ మరో దారి. కంపెనీలు రెండైనా ఫైబర్ ఒకే వంతెన పిట్టగోడకి కట్టి ఉంటే మీకున్నది ఒకటే లైను. రోడ్డు వెడల్పు చేసే జేసీబీకి కంపెనీల పేర్లు తెలియవు.

ఇప్పుడు వేగం. ఒక ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారు. "ఒక గిగా లైను తీసుకున్నామండి. ఢిల్లీ నుంచి ఫైలు దించితే మూడు ఎంబీ స్పీడు దాటట్లేదు. పది గిగాకి మారమంటారా?" ఆగమన్నాను, వెళ్ళి చూశాను. స్విచ్ ఉన్న బల్లని ఎవరో జరిపారు. బల్ల కాలు కింద పసుపురంగు ఫైబర్ ప్యాచ్ కార్డు (స్విచ్‌కి తగిలించే పొట్టి ఫైబర్ తీగ) నలిగి ఉంది. తెగలేదు, కేవలం నలిగింది. డేటా చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది, వాటిలో పదివేలకి ఒకటి పోతోంది. ఒకటి పోతే ఏమవుతుంది అనిపిస్తుంది. కానీ డేటాని పంపే పద్ధతి టీసీపీ పాత లెక్క ప్రకారం, అవతలి సర్వరుకి వెళ్ళి రావడానికి 40 మిల్లీసెకన్లు పట్టే దారిలో పదివేలకి ఒకటి పోతే ఒక్కో కనెక్షన్ సుమారు 30 మెగాబిట్లకి పడిపోతుంది. అంటే మూడున్నర ఎంబీ. లైను 1 గిగా అయినా 10 గిగా అయినా అంతే. శివారు చేనుకి నీళ్ళు రాకపోతే బ్యారేజీ గేట్లెత్తి ఏం లాభం, ముందు పిల్లకాలువలో తూడు తియ్యాలి. కార్డు మార్చాం. పది గిగా బిల్లు కట్టకుండా బయటపడ్డాం.

అందుకే కొనేముందు లైను వేగం కొలిచే ఐపెర్ఫ్-3 సాఫ్ట్‌వేర్‌తో కొలవండి. వీలైతే పెర్ఫ్‌సోనార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని ఒక పాత కంప్యూటర్లో పెట్టి రోజంతా కొలుస్తూ ఉండనివ్వండి. స్పీడ్‌టెస్ట్ వెబ్‌సైట్ దగ్గరి సర్వరుతో కొలుస్తుంది, అది మీ సంగతి చెప్పదు.

రెండో అడ్డు ఫైర్‌వాల్. ప్రతి ప్యాకెట్‌నీ విప్పి చూసే డబ్బా గుండా టీబీలు పంపితే దాని ప్రాసెసర్ నీరసిస్తుంది. అమెరికాలోని పరిశోధన నెట్‌వర్క్ ఈఎస్‌నెట్ వాళ్ళు దీనికో పద్ధతి చెప్పారు, సైన్స్ డీఎంజెడ్ అంటారు. డేటా పంపడానికి మాత్రమే ఒక సర్వరు పెట్టి, దాన్ని క్యాంపస్ ఫైర్‌వాల్‌కి బయట, అంచు రూటర్ దగ్గర, తెలిసిన కొన్ని చిరునామాలకే తెరిచిన గట్టి నియమాలతో ఉంచడం. ఆ సర్వరు మీద ఈమెయిల్ ఉండదు, వెబ్ ఉండదు. గ్లోబస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఒకేసారి అనేక కనెక్షన్లతో పంపుతుంది, కరెంటు పోయి మధ్యలో ఆగినా అక్కణ్ణుంచే మొదలెడుతుంది. కరెంటు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, ఆగిన చోటు నుంచి మొదలెట్టే సాఫ్ట్‌వేర్ కాకపోతే మన దగ్గర వాడకండి. ఆర్‌సింక్ అనే సాఫ్ట్‌వేర్ కూడా సరే.

పైన చెప్పిన 13.4 టీబీ వరి డేటా 100 మెగాబిట్ మీద 12 రోజుల పైనే, 1 గిగాబిట్ నిండుగా నడిస్తే 30 గంటలు, 10 గిగాబిట్ మీద మూడు గంటలు. మూడు గంటలు అనగానే కమిటీలో అందరి కళ్ళూ మెరుస్తాయి. కానీ ఆ వేగంతో రాసుకోవాలంటే స్టోరేజ్ సెకనుకి 1,250 ఎంబీ తీసుకోవాలి. పన్నెండు డిస్కుల పెట్టె పెద్ద ఫైళ్ళకి దాని దరిదాపుల్లోకి రాగలదు. నాలుగు డిస్కుల నాస్ రాలేదు. ఏడాదికి రెండుసార్లు దించే డేటా కోసమైతే 30 గంటలు ఆగడంలో తప్పు లేదు. శుక్రవారం సాయంత్రం పెట్టి ఇంటికెళ్ళండి.

నన్ను అడిగితే

ఒక్క ల్యాబు అయితే 10 గిగాబిట్ పోర్టున్న ఎనిమిది డిస్కుల నాస్, "మళ్ళీ రాని" కుప్పకి క్లౌడులో ఒక కాపీ, మెట్టలో ఉన్న స్నేహితుల ల్యాబులో ఇంకో చిన్న నాస్. నెట్‌వర్క్ మీద కొత్త ఖర్చు వద్దు. ఉన్న లైను బాగుందో లేదో కొలిస్తే చాలు.

అయిదారు డిపార్టుమెంట్లున్న యూనివర్సిటీ అయితే జెడ్‌ఎఫ్‌ఎస్ సర్వర్లు రెండు, ఒకటి ఇక్కడ, ఒకటి మెట్టలో; "మళ్ళీ రాని" కుప్పకి మూడో కాపీ క్లౌడులోనో టేపు మీదో. భవనాల మధ్య సింగిల్ మోడ్ ఫైబర్, డేటా పంపే సర్వరు ఒకటి, ఎన్‌కేఎన్ 1 గిగాబిట్. 10 గిగాబిట్ బయటి లైను రెండో ఏడాది, ఉన్నది నిండుతోందని గ్రాఫు చూపించాక. సెఫ్, లస్టర్ మీద ఆశ ఉంటే ముందు ఇద్దరు మనుషులకి పర్మినెంట్ పోస్టులు తెచ్చుకోండి, తర్వాత మాట్లాడదాం. ఊరూరా చిన్న కేంద్రాలున్న సంస్థ అయితే ప్రతి కేంద్రంలో ఒక చిన్న నాస్ పెట్టి, రాత్రి పదకొండు నుంచి పొద్దున అయిదు దాకా దానంతటదే కేంద్ర సర్వరుకి పంపేలా చెయ్యండి. పిల్లలు బస్సుల్లో మోసే అవసరం ఉండదు.

కొటేషన్‌లో అయిదేళ్ళ వారంటీ, విడిగా రెండు స్పేర్ డిస్కులు, "పాడైన డిస్కు మా దగ్గరే ఉంచుకుంటాం" అన్న షరతు మర్చిపోకండి. రోగుల స్కాన్లున్న డిస్కుని వారంటీ కోసం కొరియర్‌లో పంపకూడదు కదా. ప్రభుత్వ కొనుగోళ్ళ జెమ్ పోర్టల్లో కొంటే ఈ మాటలన్నీ టెక్నికల్ షరతుల్లోనే ఉండాలి, తర్వాత ఫోన్లో చెబితే ఎవరూ వినరు.

కొత్త స్టోరేజ్ వచ్చిన మొదటి వారం ఏం చెయ్యాలంటే, ప్రతి ల్యాబు బీరువాలోని పాత డిస్కులన్నీ బయటికి తియ్యండి. నేను చేసినచోట చీరల పెట్టెలో ఒకటి, చాక్‌పీసుల డబ్బాలో రెండు దొరికాయి. ఒక్కోదాని మీద ప్లాస్టర్ అంటించి ఎవరిది, ఏ ఏడాదిది, ఏ కుప్పలోకి వస్తుంది అని రాయించాం. కొన్ని తిరగలేదు. తిరిగినవాటిని అదే రాత్రి కాపీకి పెట్టాం.

రావులపాలెం అమ్మాయి డేటాలో సగం దాకా దొరికింది. డ్రోను మెమరీ కార్డుల్ని ఆమె చెరిపెయ్యలేదు. కొత్తవి కొనడానికి డబ్బుల్లేక పాతవాటినే తిప్పి తిప్పి వాడదామని ఓ డబ్బాలో వేసి ఉంచింది.